తడి ఆరినాక రాయి రంగు

మెట్లమీద చెప్పుల చప్పుడు వింటేనే ఆంజికి తెలిసిపోతుంది, వస్తున్నది మామూలు మనిషా, కోపంగా ఉన్న మనిషా అని. ఆ మధ్యాహ్నం వినిపించిన చప్పుడు రెండో రకం. దాంతోపాటు ఏదో బరువైన వస్తువు గోడకు తగులుతున్న శబ్దం కూడా వచ్చింది. ఆంజి హెడ్‌ఫోన్ తీసేసి, కుర్చీని గోడవైపు జరుపుకుని కూర్చున్నాడు.

లోపలికొచ్చిన అమ్మాయి చున్నీ నడుముకు బిగించి ఉంది. చేతుల్లో పాలిష్ చేసిన బండ ముక్క ఒకటి. దాన్ని తెచ్చి అతని కీబోర్డు పక్కన ధనామని పెట్టింది.

"ఇది ఏం రంగప్పా?"

ఆంజి రాయిని చూశాడు. అమ్మాయిని చూశాడు. మళ్ళీ రాయినే చూడటం క్షేమమనిపించింది.

"బూడిద రంగు మేడం."

"మరి నీ వీడియోలో నీలంగా ఏంటికుండాది? పొద్దున్నించి ఫోన్ల మీద ఫోన్లు. ఆ నీలం రాయి మాకూ కావాలంటాండారు. తాడిపత్రిలో నీలం రాయి యాడుండాదో నువ్వే చెప్పు, పోయి తవ్వుకొస్తా."

అప్పుడు అర్థమైంది ఆంజికి, ఈమె యశోదమ్మ గారి కూతురు పద్మప్రియ అని. ఇంతవరకూ ఇద్దరూ ఫోన్లోనే మాట్లాడుకున్నారు. ఆమె బండల వీడియోలు పంపేది, అతను వాటిని కత్తిరించి, రంగులు సరిచేసి, పాట తగిలించి తిరిగి పంపేవాడు. ఫోన్లో ఆ గొంతు ఇంత ఎత్తుకు పోగలదని అతను ఊహించలేదు.

ఇక యశోదమ్మ అంటే తాడిపత్రిలో తెలియనివాళ్ళు లేరు, భయపడనివాళ్ళు తక్కువ. భర్త పోయిన తర్వాత పాలిష్ ఫ్యాక్టరీని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. ఆమె వస్తుంటే లారీ డ్రైవర్లు బీడీలు ఆర్పేసి, ఆర్పేసిన బీడీలను జేబుల్లో దాచుకుంటారు. అలాంటి ఆమె రాయిని నీలం చేసి ఊరూరా తిప్పినందుకు తన గతి ఏమవుతుందో తలుచుకుని ఆంజి కుర్చీని ఇంకాస్త గోడవైపు జరుపుకున్నాడు.

నిజానికి ఆంజికి భయపడటం కొత్త కాదు. కుక్కలంటే భయం, కరెంటు స్తంభమంటే భయం, ఫోన్ మోగితే అవతల ఎవరోనని భయం. ముదిగుబ్బలో గొర్రెలు కాచుకునే నాయన కొడుక్కి ఆంజనేయులు అని పేరైతే పెట్టాడు గానీ, ఆ పేరుకు తగిన గుండెను మాత్రం తెచ్చిపెట్టలేకపోయాడు. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు పైన గది తీసుకుని ఎడిటింగ్ పనిలోకి దిగడానికి కారణం కూడా అదే. తెరమీది మనుషులు బయటికొచ్చి అరవరు.

ఆంజి వీడియో తెరిచి రాయిని తెర పక్కన పెట్టి చూశాడు. తెరమీద రాయి చక్కగా బూడిద రంగులో ఉంది. అదే వీడియో ఆమె ఫోన్లో నీలంగా ఉంది. తెర మూలనున్న చిన్న గుర్తు మీద అతని కన్ను పడింది. కళ్ళు మండుతున్నాయని ఎప్పుడో ఐ కంఫర్ట్ పెట్టుకున్నాడు. అది తెరనంతా పసుపు ఛాయలోకి తిప్పుతుంది. ఆ పసుపు రాయిదే అనుకుని ఎంతో శ్రద్ధగా తీసేశాడు. పసుపు తెరదైతే తీసేసింది రాయి నుంచి, అందుకే రాయి నీలమై కూర్చుంది.

"తప్పు నాదే మేడం," అన్నాడు.

పద్మప్రియ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. కొట్లాటకు సిద్ధమై వచ్చిన మనిషికి ఎదుటివాడు ఇంత సులభంగా లొంగిపోతే ఏం చేయాలో తోచదు.

"ఇంత బిన్నా ఒప్పుకుంటే నేనెట్ల కొట్లాడేదప్పా?"

ఇంకోసారి రంగు మారితే అప్పుడు తీరిగ్గా కొట్లాడొచ్చని ఆంజి చాలా నిజాయితీగా చెప్పాడు. ఆమె పక్కున నవ్వింది. ఆ నవ్వు చూడగానే అతని భయాల జాబితాలోకి ఇంకొకటి చేరింది, ఈమె మళ్ళీ రాకపోతే ఎట్లా అని.

*

ఆమె మళ్ళీ వచ్చింది. రంగులే తెప్పించాయి.

ఐ కంఫర్ట్ తీసేసినంత మాత్రాన రంగులు బుద్ధిగా ఉండిపోలేదు. ఎడిటింగ్‌లో ముదురుగా కనిపించిన రాయి, ఎక్స్‌పోర్ట్ చేశాక ఫోన్లో చూస్తే జ్వరం వచ్చి లేచినట్టు పాలిపోయేది. ఆమె కొత్త ఫోన్ వెలుతురును మరీ ఎక్కువగా పట్టి రికార్డు చేస్తోందని, దాన్ని మామూలు వీడియోగా మార్చకుండా అట్లాగే బయటికి పంపితే పాలిపోతుందని ఆంజి కనిపెట్టాడు. అది సరిచేశాక, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫలానా రంగుల లెక్కలో చూపించు అని ఫైలుకు గుర్తు తగిలించకపోతే ఒక్కో తెర ఒక్కో తీరుగా చూపిస్తుందని తెలిసింది. గుర్తు తగిలించాడు. అప్పుడు ఆమె ఫోన్లో, తన ఫోన్లో, కింద జిరాక్స్ షాపువాళ్ళ పాత ఫోన్లో రాయి ఒకేలా కనబడింది. ఒక్క యశోదమ్మ ఫోన్లో మాత్రం రంగులు పెళ్ళి పందిరిలా వెలిగేవి. ఆ ఫోన్ స్క్రీన్ సెట్టింగే అంత. దాన్ని మార్చమని అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు.

ప్రతి వీడియోకీ పద్మప్రియ ఒక రాయి ముక్క తెచ్చేది. తెరను, ఫోన్‌ను, రాయిని పక్కపక్కన పెట్టుకుని ఇద్దరూ తలలు వంచి చూసేవారు. తలలు దగ్గరకొచ్చినప్పుడల్లా ఆంజి కుర్చీ కాస్త వెనక్కి జరిగేది. ఆమె కుర్చీ కాస్త ముందుకు జరిగేది. చివరికి అతని కుర్చీకి గోడ అడ్డమొచ్చింది.

మేడం గీడం వద్దు, పేరు పెట్టి పిలువు అందామె ఒకరోజు. భయమన్నాడు.

"ఎవురంటే?"

"మీ అమ్మంటే."

"మా అమ్మ ఈడ లేదు గదా."

"మీ గొంతు అట్లనే ఉండాది మేడం."

ఆమె అలిగింది. అలిగి వెళ్ళిపోతుందేమోనని అతను వెంటనే పద్మప్రియా అన్నాడు. అన్నాక ఆ పేరు గదిలో చాలాసేపు ఉండిపోయినట్టనిపించి, ఏమీ తోచక ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కేశాడు. ఎక్స్‌పోర్ట్ చేయడానికి అప్పుడు ఏమీ లేదు.

ప్రేమ కథ అన్నాక ఈపాటికి వాన పడాలి. తాడిపత్రి పైకి మబ్బులు వచ్చాయి కూడా. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి చూశారు. మబ్బులు కూడా వీళ్ళిద్దరినీ ఒకసారి చూసి కర్నూలు వైపు వెళ్ళిపోయాయి. పద్మప్రియ మాత్రం కిటికీ దగ్గరే నిలబడి, తన మనసులో ఉన్నది చెప్పింది. ఆమెకు సంబంధం వచ్చింది. తనకల్లు దగ్గర పెద్ద ఇల్లు, బోర్‌వెల్ బండ్లు ఉన్నవాళ్ళు. అమ్మకు అన్ని విధాలా నచ్చింది. తను ఫ్యాక్టరీ చూసుకుంటానని, వీడియోలతోనే వ్యాపారం పెంచుతానని ఎంతో పోట్లాడితే, చివరికి అమ్మ ఒక మాటకు ఒప్పుకుంది. బళ్ళారిలో గంగాధరప్ప అనే ఆసామి కళ్యాణ మంటపం కడుతున్నాడు. దాని ముంగిలంతా పరచడానికి బండలు కావాలంటున్నాడు. ఆ బేరం పద్మప్రియ వీడియో చూసి కుదిరితే ఆమె ఇష్టం. కుదరకపోతే ఫోన్లూ వీడియోలూ కట్టిపెట్టి తనకల్లు వాళ్ళకు తలవంచాలి.

ఆంజి కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. నువ్వెందుకు అంత తెల్లబోతావని ఆమె అడిగింది. అడిగి, జవాబు కోసం అతని ముఖంలోకి చూసింది. చెప్పడానికి ఒకే ఒక్క మాట ఉంది. ఆ మాట గొర్రెలు కాచుకునేవాడి కొడుకు యశోదమ్మ కూతురితో అనగలిగిన మాట కాదు. అతను రంగు ఇంకొకసారి సరిచూద్దామన్నాడు. ఆమె సరే అంది, కానీ రాయివైపు చూడలేదు.

*

గంగాధరప్ప అడిగింది పాలిష్ లేని బండ. ముంగిట్లో నీళ్ళు పడినా జనం జారకూడదు కదా. యశోదమ్మ దగ్గర కొత్తగా వచ్చిన ముడిబండ ఒకటుంది. వీడియోలో అది లేత ఆకుపచ్చగా ఎంత అందంగా వచ్చిందంటే, ఆంజి కూడా దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

పద్మప్రియ ఆ రాయి ముక్క తెచ్చినప్పుడు ఒక గిన్నె, ఒక గుడ్డ కూడా తెచ్చింది. రాయి రంగు చూడాలంటే తడపాలని చెప్పింది. దుమ్ము పోవడానికి కాదా అని ఆంజి అడిగితే, కాదు, ఎండిన బండకు రంగేముంటుంది, మా తాత కాలం నుంచీ కొనేవాళ్ళ ముందు నీళ్ళు కొట్టే చూపిస్తాం, వీడియో కూడా నీళ్ళు కొట్టే తీశానంది. రాళ్ళ సంగతి రాళ్ళవాళ్ళకు తెలుస్తుందనుకుని అతను మళ్ళీ అడగలేదు. గుడ్డ తడిపి రాయిని తుడుస్తూ, తెరమీది పచ్చను ఆ పచ్చకు సరిగ్గా జత చేశాడు. వీడియో బళ్ళారికి వెళ్ళింది. గంగాధరప్ప నుంచి వెంటనే కబురు వచ్చింది, ఈ పచ్చరాయే కావాలి, వచ్చి కళ్ళారా చూసి ఖాయం చేసుకుంటానని.

ఆ సంతోషంలో పద్మప్రియ మిరపకాయ బజ్జీలు తెచ్చింది. బజ్జీలు తింటూ వాళ్ళు మాట్లాడుకున్న మాటలకు రాళ్ళతో ఏ సంబంధమూ లేదు. ఆమె చిన్నప్పుడు స్కూలు ఎగ్గొట్టి లారీ ఎక్కిన సంగతి, అతను చిన్నప్పుడు పొట్టేలుకు భయపడి చెట్టెక్కి అక్కడే నిద్రపోయిన సంగతి. నవ్వి నవ్వి ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆంజి ఆ కళ్ళను చూడలేక తెరవైపు తిరిగాడు.

తెరమీద రాయి పచ్చగా ఉంది. టేబుల్ మీద రాయి బూడిదగా ఉంది.

మళ్ళీ రంగు మారిందని ఆంజికి చెమటలు పట్టాయి. ఐ కంఫర్ట్ చూశాడు, తీసేసే ఉంది. ఎక్స్‌పోర్ట్ సెట్టింగులన్నీ చూశాడు, సరిగ్గానే ఉన్నాయి. వీడియో మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేశాడు, రెండు ఫోన్లలో చూశాడు. పచ్చే. ఎక్కడ తప్పు చేశానోనని వెతికి వెతికి చివరికి రాయి మీద చెయ్యి వేశాడు. పొడిగా ఉంది. మాటల్లో పడి తడపడం మరిచిపోయారు. మారింది వీడియో రంగు కాదు.

గుడ్డ తడిపి రాయి సగం తుడిచాడు. సగం పచ్చగా మారింది. మిగతా సగం బూడిదగానే ఉంది.

"పద్మప్రియా, ఆయన ముంగిట్లో ఈ రాయి ఏ రంగులో ఉంటాది?"

ఆమె రాయిని చూసింది. పుట్టినప్పటి నుంచీ ఈ రాళ్ళ మధ్యే తిరిగిన పిల్ల, ఈ ప్రశ్న ఆమెకు ఎవరూ వేయలేదు. నెమ్మదిగా, అందరూ తడిపే చూపిస్తారు ఆంజీ అంది. ఆ సంగతి కొనే ఆయనకు తెలుసా అని అతను అడిగాడు. రాళ్ళ వ్యాపారులకు తెలుసు, ఆయన రాళ్ళ వ్యాపారి కాదు కదా అంటూనే ఆమె ముఖం పాలిపోయింది.

ఎండిన రాయి వీడియో కూడా చేసి పంపుదామన్నాడు ఆంజి. వద్దంది. ఆయన పచ్చ అనుకుని వస్తున్నాడు, బూడిద చూస్తే కొనడు. కొనకపోతే తనకల్లు.

"నువ్వు నోరు తెరవగాకు. నీకు అన్నిటికీ భయమే గదా, ఆ భయం ఒక్క దినం నాకు పనికిరానీ."

ఆమె బజ్జీల పొట్లం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆంజి ఎండిన రాయిని కెమెరా ముందు పెట్టి, రంగు జత చేసి, ఎక్స్‌పోర్ట్ చేసి తన ఫోన్లో ఉంచుకున్నాడు. దాన్ని ఎవరికైనా చూపించే ధైర్యం తనకు ఉందని మాత్రం అతను అనుకోలేదు.

*

గంగాధరప్ప తెల్లచొక్కా వేసుకుని కారు దిగాడు. యశోదమ్మ ఎదురెళ్ళి నమస్కారం పెట్టింది. ఫ్యాక్టరీ అంతా రాతిపొడి, మిషన్ల రొద. వీడియోవాణ్ణి కూడా రమ్మని యశోదమ్మే కబురు పెట్టింది, ఆసామికి ఇంకేమైనా చిత్రం కావాలంటే అప్పటికప్పుడు తీస్తాడని. ఆంజి బండల దొంతుల వెనక నిలబడ్డాడు. పద్మప్రియ అతనివైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. బతిమాలడం ఉంది. కోపమే నయమనిపించింది అతనికి.

యశోదమ్మ సైగ చేయగానే పనివాడొకడు బక్కెట్ నీళ్ళు తెచ్చి బండ మీద కొట్టాడు. పచ్చదనం ఒక్కసారి విచ్చుకుంది. గంగాధరప్ప ఫోన్ తీసి వీడియోను బండ పక్కన పట్టుకున్నాడు. రెండూ ఒకటే రంగు. వెంట్రుకంత తేడా లేదు. ఇన్నాళ్ళుగా ఆంజి కలలు కన్న క్షణం అది, కానీ అతను దొంతుల చాటుకు ఇంకాస్త జరిగాడు.

"చెన్నాగుంది యశోదమ్మా," అన్నాడు గంగాధరప్ప. "వీడియోలో ఎట్లుందో అట్లనే ఉండాది. నీ కూతురు మాట మీద నిలబడే మనిషి."

యశోదమ్మ కూతురివైపు తిరిగి చూసింది. ఆ చూపులో గర్వం ఉంది. పద్మప్రియ తల దించుకుంది. ఆమె చేతివేళ్ళు చున్నీ కొసను మెలిపెడుతున్నాయి.

ఇప్పుడు ఊరుకుంటే బేరం కుదురుతుంది. తనకల్లు సంబంధం పోతుంది. ఆమె ఇక్కడే ఉంటుంది, రాయి ముక్కలు పట్టుకుని మెట్లెక్కి వస్తూ ఉంటుంది. ఊరుకోవడం అంటే ఆంజికి చేతనైన పని, పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని. కానీ లారీలు బళ్ళారికి పోతాయి, బండలు పరుస్తారు, ఎండకు ఆరిపోతాయి. కళ్యాణ మంటపానికి వచ్చిన ప్రతివాడూ ఈ బూడిద రాళ్ళేమిటని అడుగుతాడు. అప్పుడు గంగాధరప్ప చెప్పేది ఎవరి పేరు?

మాటలు సరిగ్గా వినబడటం లేదని యశోదమ్మ మిషన్ ఆపించింది. ఆ నిశ్శబ్దంలో, దొంతుల వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. అది తన గొంతేనని తెలియడానికి ఆంజికే కాస్త సమయం పట్టింది.

"సార్, కాసేపు ఆగండి. రాయి ఆరనీండి."

అందరూ తిరిగారు. యశోదమ్మ చూపు పడగానే అతను బండను పట్టుకుని ముందుకొచ్చాడు. మాట ఆగిపోతే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి గబగబా చెప్పేశాడు. వీడియో తడిరాయిదని, ఆరితే రంగు వేరని, ముంగిట్లో ఉండేది ఆరిన రాయేనని.

అందరూ బండను చూస్తూ నిలబడ్డారు. ఆ ఎండకు తడి అంచుల నుంచి ఆరుతూ వచ్చింది. పచ్చదనం నడిమధ్యకు జరిగింది, చిన్నదైంది, చేతివెడల్పు మిగిలింది. ఆంజి దాన్ని చూడలేకపోయాడు, చూడకుండా ఉండనూ లేకపోయాడు. చివరి మరక కూడా ఆరిపోయింది. అతను తన ఫోన్ తీసి ఎండిన రాయి వీడియోను గంగాధరప్పకు చూపించాడు. అది కూడా బండతో సరిగ్గా సరిపోయింది.

గంగాధరప్ప తన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"పచ్చ అనుకొని వచ్చినానమ్మా. ఇది నాకొద్దు. ఈ పిల్లోడు చెప్పకపోతే మోసపోతాంటి."

మోసం అన్న మాటకు యశోదమ్మ ముఖం నల్లబడింది. ఆమె ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. వాళ్ళ మామ ఎట్లా చూపించాడో అట్లా చూపించింది. గంగాధరప్ప నమస్కారం పెట్టి కారెక్కాడు. కారు లేపిన దుమ్ము కాసేపు గేటు దగ్గరే ఉండిపోయింది.

యశోదమ్మ నెమ్మదిగా ఆంజి ముందుకు వచ్చి నిలబడింది. పారిపోదామని అతనికి బలంగా అనిపించింది. కాళ్ళు ఒప్పుకోలేదు.

"నీ పేరేంది?"

"ఆంజి అమ్మా."

"ఈ బేరం పోతే నా కూతుర్ని తనకల్లుకు ఇస్తానని నీకు తెల్సా?"

"తెల్సమ్మా."

"తెల్సి చెప్పితివా? మీ ఇద్దరూ తలకాయలు ఒకటి జేసి ఆ గదిలో ఏం చేస్తాండారో నాకు తెల్దనుకున్నావా? ఆ పిల్ల ఈడ ఉండల్లనే గదా నీకుండేది? మరి నోరేల తెరిస్తివి?"

ఆంజికి నిజం చెప్పడం తప్ప ఇంకో దారి కనిపించలేదు, అబద్ధం చెప్పడానికి కావలసిన ధైర్యం అతని దగ్గర లేదు.

"మీరంటే భయమే అమ్మా. పద్మప్రియ పోతాదంటే ఇంకా భయం. కానీ రేపు బళ్ళారిలో ఎవురైనా ఆ పిల్ల మోసం చేసిందంటే... దానికి ఇంకా ఎక్కువ భయమేసింది. తనకల్లుకు పోయినా తల ఎత్తుకొని ఉంటాది గదా అనుకుంటి."

పద్మప్రియ వచ్చి అతని పక్కన నిలబడింది. ఈ సంగతి తనకు ముందే తెలుసని, చెప్పవద్దని అతని నోరు నొక్కింది తనేనని తల్లికి చెప్పింది. ఈసారి తల దించలేదు. నాక్కూడా నువ్వంటే భయమేనమ్మా, అందుకే ఊరుకుంటి అంది.

యశోదమ్మ కూతురిని చూసింది, ఆ కుర్రవాణ్ణి చూసింది, ఆరిన బండను చూసింది. ఇంతమంది తనకు భయపడుతున్నారని ఆమెకు తెలుసు. ఆ భయానికి తన కూతురు తప్పు దారి పట్టబోయిందని మాత్రం ఇప్పుడే తెలిసింది. ఆమె బండ మీద చెయ్యి వేసింది. తర్వాత, ఇకమీదట ప్రతి బండకూ తడిది, ఆరినది రెండు రంగులూ చూపించి వీడియో చేయాలని చెప్పింది. ఎవరు చేయాలో చెప్పలేదు. తనకల్లు మాట ఎత్తలేదు. ఫ్యాక్టరీలోకి రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"మీ నాయన యాడుంటాడు?"

"ముదిగుబ్బలో అమ్మా."

"రమ్మను. మాట్లాడల్ల."

"దేనికమ్మా?"

"నలుగురిలో నా కూతురి పేరెత్తితివి. ఇంకా దేనికంటావా? ఇప్పుడే ఫోన్ జెయ్. నా ముందరే."

అది దీవెనో బెదిరింపో ఆంజికి అర్థం కాలేదు. పద్మప్రియ ముఖంలో మాత్రం ఏదో వెలుగు మొదలైంది. అతను చెమట చేత్తో నాయనకు ఫోన్ చేశాడు. వేలు జారి స్పీకర్ నొక్కుకుపోయింది. అవతల గొర్రెల అరుపుల మధ్య నుంచి నాయన గొంతు వచ్చింది, ఇంత పట్టపగలు ఏం కొంప మునిగిందని.

"యశోదమ్మ గారు నిన్ను రమ్మంటాండారు నాయనా."

యశోదమ్మ పేరు ముదిగుబ్బ దాకా కూడా పాకినట్టుంది. నాయన గొంతు తగ్గిపోయింది.

"ఏం చేసినావురా?"

ఆంజి తల ఎత్తి చూశాడు. ఎదురుగా యశోదమ్మ. పక్కన పద్మప్రియ. ఇన్ని రోజులు గొంతులోనే ఉండిపోయిన మాట, ఎవరితో చెప్పాలో వాళ్ళతో తప్ప అందరి ముందూ బయటికొచ్చింది.

"ఒక పిల్లను ప్రేమించినా నాయనా."

ఆ మాట కోసం పద్మప్రియ ఎన్నిసార్లు ఆ మెట్లెక్కిందో ఆమెకే తెలుసు. అవతల నాయన, కొడుకు కంటే ఎక్కువ భయపడుతూ అడిగాడు.

"ఆ పిల్లకు తెల్సా?"

ఆంజి చేతిలోని ఫోన్ మీదికి పద్మప్రియ వంగింది.

"ఇప్పుడే తెల్సింది మామా," అంది.

యశోదమ్మ ముఖం పక్కకు తిప్పుకుని, మిషన్ వేయమని పనివాళ్ళ మీద కేకలేసింది. ఫోన్లో నాయన గొర్రెలను ఇంటివైపు మళ్ళిస్తున్న కేకలు వినిపించాయి.